లేక్ ఎలిజబెత్ గట్టు మీద జనాభా లెక్కలు

నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. 1991, 2001, 2011... మూడుసార్లూ జనాభా లెక్కల డ్యూటీ పడింది. గోడల మీద ఇంటి నంబర్లు రాసుకుంటూ, కుక్కల్ని తప్పించుకుంటూ, "ఇంట్లో ఎంతమందమ్మా" అని అడుగుతూ తిరిగిన కాళ్లు ఇవి. అందుకని ఎక్కడికెళ్లినా మనుషుల్ని లెక్కపెట్టే జబ్బు ఒకటి అంటుకుంది, మా ఆవిడ ఎంత తిట్టినా పోలేదు.

2024 ఏప్రిల్‌లో అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండొద్దామని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వెళ్లాం. శాన్ హోసేకి కాస్త ఉత్తరాన, శాన్ ఫ్రాన్సిస్కో బే అనే సముద్రపు పాయ పక్కన పడుకున్నట్టుండే శివారు ఊరు, ఓ పక్క మిషన్ పీక్ అనే కొండ, మేం దిగినప్పుడు పచ్చగా ఉండి జూన్‌కల్లా ఎండుగడ్డి రంగులోకి మారిపోయింది. అపార్ట్‌మెంట్ నుంచి నడిచేంత దూరంలో లేక్ ఎలిజబెత్ అనే చెరువు, చుట్టూ పార్కు. మొదటి రోజు పొద్దున జెట్‌లాగ్‌తో నాలుగింటికే లేచి కూర్చుని, తెల్లారగానే అక్కడికి పోయాం.

చీర మీద స్వెట్టరూ కాళ్లకి స్పోర్ట్స్ షూలూ వేసుకున్న అమ్మలు, తలపాగాల సర్దార్జీలు, మెల్లగా చేతులు కదుపుతూ వ్యాయామం చేసే చైనా పెద్దవాళ్లు, హిజాబ్‌లో పరుగెత్తే ఒక అమ్మాయి, మధ్యలో ఎవరినీ లెక్కచెయ్యని కెనడా బాతులు. అరగంట గడిచాక కుక్కని పట్టుకుని ఒక తెల్లాయన ఎదురై గుడ్ మార్నింగ్ చెప్పాడు. "అమెరికా వచ్చామనే అంటావా?" అంది మా ఆవిడ.

సాయంత్రం అల్లుడి లాప్‌టాప్ తీసుకుని కూర్చున్నాను, అలవాటు కదా. 1956లో సెంటర్‌విల్, నైల్స్, అర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు ఊళ్లని కలిపి ఫ్రీమాంట్ చేశారు. అప్పుడంతా తోటలూ పొలాలూ. తర్వాత జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ వచ్చింది, అదే చోట 1984 నుంచి 2010 దాకా టొయోటాతో కలిసి కార్లు చేశారు, ఇప్పుడు టెస్లా. 1980 లెక్కల్లో నూటికి ఎనభై పైన తెల్లవాళ్లే. 2000 నాటికి ఆసియన్లు 37 శాతం, 2010కి సగం, 2020కి నూటికి అరవై దాటేశారు, మొత్తం జనాభా 2,30,504. తెల్లవాళ్లు అయిదో వంతు దగ్గర ఆగిపోయారు, లాటిన్ అమెరికా మూలాలవాళ్లు ఎనిమిదో వంతు దాకా ఉంటారు, నల్లవాళ్లు మరీ తక్కువ. 1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం మారి ఆసియావాళ్లకి దారి తెరవకపోతే, ఆ తర్వాత చిప్పులూ సాఫ్ట్‌వేరూ పక్కనే పెరగకపోతే ఈ అంకెలు ఇలా ఉండేవి కావు.

కానీ ఆసియన్ అనే ఆ ఒక్క మాట నాకు మొదటి రోజు నుంచీ మింగుడుపడలేదు. బ్యాడ్మింటన్ ఆడే చైనావాళ్లూ, ఫిలిప్పీన్స్ నర్సమ్మలూ, బెంచీ మీద మాగాయ గురించి వాదించుకునే మనమూ అందరం ఒకే గంపలోనా? లోపల డబ్బాలు వేరే ఉంటాయి నాన్నా అని అమ్మాయి చెప్పింది, 2020లో తను ఆన్‌లైన్‌లోనే ఫారం నింపిందట. ఏషియన్ ఇండియన్ (అంటే మనం), చైనీస్, ఫిలిపినో, ఇలా టిక్కులు, పాకిస్తానీ అయితే 'ఇతర ఆసియన్' దగ్గర రాసుకోవాలి. నేను డ్యూటీ చేసిన రోజుల్లోలాగా మాస్టారు ఇంటికి రావడం ముందుండదు, ఎవరిది వాళ్లే నింపుకోవాలి, 2000 నుంచి ఒకటికి మించి టిక్కులు కూడా పెట్టుకోవచ్చు. అమ్మాయి వాళ్ల కింది ఫ్లోర్‌లో మన ఏలూరు అబ్బాయి, చైనీస్ అమ్మాయి ఉన్నారు, వాళ్ల బుడ్డోడికి రెండు టిక్కులు. వాడు నాయనమ్మని నాయనమ్మ అనే పిలుస్తాడు, పప్పన్నం చాప్‌స్టిక్స్‌తో తినాలని చూస్తాడు.

ఇంకా వెనక్కి చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1920 నుంచి 1940 దాకా వాళ్ల సెన్సస్‌లో 'హిందూ' అనేది ఒక జాతి పేరు. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసే సిక్కులు కూడా ఆ ఖాతాలోకే. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే ఆయన పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళితే నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మన్నారు. 1970 లెక్కల్లో మనవాళ్లని తెల్లవాళ్ల కిందే కలిపేశారు! 1980లో గానీ ఏషియన్ ఇండియన్ అనే డబ్బా పుట్టలేదు. మనుషులు వాళ్లే, డబ్బాలే అటూ ఇటూ జరిగాయి.

ఆదివారాలు అల్లుడు ఊరంతా తిప్పేవాడు. నైల్స్‌లో పాత వీధి ఒకటి అలాగే ఉంచారు, 1915 ప్రాంతంలో చాప్లిన్ సినిమాలు తీసిన చోటట, పాత సామాన్ల దుకాణాలు, అక్కడ మాత్రం తెల్లవాళ్లే ఎక్కువగా కనిపించారు. గురుద్వారా రోడ్డు అని నిజంగానే బోర్డున్న వీధిలో గురుద్వారా, లంగర్ అనే అక్కడి ఉచిత భోజనశాలలో దాల్ రోటీ తిని వచ్చాం. పీస్ టెరస్ అనే చిన్న వీధిలో చర్చీ మసీదూ పక్కపక్కనే కట్టుకున్నారు, 1990ల మొదట్లో స్థలం కలిసి కొనుక్కుని, కార్లు పెట్టుకునే చోటు ఇద్దరికీ ఒకటే.

సెంటర్‌విల్ దగ్గర ఓ ముక్కని లిటిల్ కాబూల్ అంటారు. 1979లో వాళ్ల దేశంలో సోవియట్ సైన్యం దిగాక పారిపోయి వచ్చిన అఫ్గాన్లు అక్కడ స్థిరపడ్డారు. రొట్టెల దుకాణంలో మనిషంత పొడవు నాన్లు. దుకాణంలో పెద్దాయన నన్ను చూడగానే హిందీ అందుకున్నాడు, చిన్నప్పుడు కాబూల్‌లో హిందీ సినిమాలు చూసి నేర్చుకున్నాడట. నా హిందీ సంగతి మీకు తెలీదు, ప్రాథమికతో ఆగిపోయింది. "ఆప్ ఇండియా సే హై, ఔర్ హిందీ నహీ ఆతీ?" అన్నాడు జాలిగా. ఏం చెప్తాను, రెండు నాన్లు ఎక్కువ కొన్నాను.

జూన్ నాటికి పార్కులో మన తెలుగు బెంచీ కుదిరింది. పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులం పది పన్నెండు మందిమి, మోకాళ్ల నొప్పులు, మందుల ధరలు, గ్రీన్‌కార్డ్ రాని అల్లుళ్లు, ఇవే కబుర్లు. మొదటి రోజే నన్ను చుట్టుముట్టి ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఫలానావాళ్లు మీకేమవుతారు అని అడిగారు. మూడు ప్రశ్నలు, అంతే, ఎవరు ఏమిట్లో తేలిపోయింది. మన సెన్సస్‌లో కులం గురించి నేను అడిగిందల్లా ఎస్సీనా, ఎస్టీనా, కాదా అని మాత్రమే, అది అడగడానికే నోరు రాక ముందు మంచినీళ్లు అడిగేవాణ్ణి. బెంచీ మీద ఆ ఇబ్బంది ఎవరికీ లేదు. సిగ్గు విడిచి చెప్తున్నా, నేనూ ఇద్దరు ముగ్గుర్ని అడిగాను.

ఒకాయన మాత్రం ఇంటిపేరు చెప్పలేదు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. "మాది గుంటూరు జిల్లాండి" అని ఊరుకున్నారు. పక్కాయన వదలకుండా గుంటూరు జిల్లాలో ఎక్కడ అంటుంటే నేను మోకాళ్లకి ఏ నూనె రాస్తారండీ అని అడ్డం పడ్డాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి నడవడం మొదలుపెట్టాం.

ఓ రోజు బెంచీ దగ్గర ఎస్‌బీ 403 మాట వచ్చింది. కులం పేరుతో వివక్ష చూపకూడదని స్పష్టంగా రాసిన బిల్లు అది, పెట్టింది ఈ ప్రాంతం సెనేటరే, ఆయిషా వహాబ్, అఫ్గాన్ కుటుంబం. సభ దాటింది గానీ 2023 అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ ఉన్న చట్టాలు చాలని వెనక్కి తిప్పేశారు. "ఇక్కడ కులం ఎక్కడుందండీ, ఆవిడకేం తెలుసు" అని ఒకరు గట్టిగా అంటున్నారు, నాలుగు రోజుల కింద నా ఇంటిపేరు అడిగినాయనే. బ్యాంకాయన లేచి బాతుల్ని చూసొస్తానని వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, బాతులకి తిండి పెట్టొద్దని రాసున్న బోర్డు మాత్రం ఆయన రెండుసార్లు పైకి చదివారు.

తిరుగు ప్రయాణానికి పది రోజులుందనగా ఆయన, నేను బస్సెక్కి మిషన్ శాన్ హోసే వెళ్లాం. 1797లో స్పెయిన్ పాదిరీలు పెట్టిన చర్చి, 1868 భూకంపంలో కూలిపోతే 1985లో మళ్లీ పాతదానిలా కట్టారు. వీళ్లందరికంటే ముందు ఇక్కడుండేది ఓలోనీ అనే తెగలవాళ్లు. వాళ్లని తెచ్చి చర్చి పొలాల్లో పనిచేయించారు, జబ్బులొచ్చి వేలల్లో పోయారు. వారసులు ఇప్పటికీ ఈ బే చుట్టూ ఉన్నారు గానీ, నేను ఉన్న ఆరు నెలల్లో ఒక్కరూ తారసపడలేదు, పడినా పోల్చుకుని ఉండను.

అక్కణ్ణుంచి కొంచెం కిందికి, వాషింగ్టన్ బులవార్డ్ మీద వాళ్ల శ్మశానం. ఇళ్ల మధ్య చిన్న గడ్డి స్థలం, ఒక రాయి. చర్చి కట్టడంలో సాయపడ్డ నాలుగు వేల మంది ఓలోనీలు ఇక్కడ నిద్రిస్తున్నారని దాని మీద ఉంది. పేర్లు లేవు. బ్యాంకాయన కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివారు.

"సరిగ్గా నాలుగు వేలేనంటారా మాస్టారూ?"

కాదండీ అన్నాను. ఇలా సున్నాలతో అంకె వచ్చిందంటే ఇంటింటికీ తిరగలేదనే అర్థం, మా సూపర్‌వైజరైతే ఫారాలు మొహాన కొట్టి వెనక్కి పంపేవాడు.