బ్లూబర్డ్ గూడు, మా నాన్న పిచ్చుక

ఈ ఉదయం ఏడున్నరకి మా పెరట్లో పెట్టెలోంచి ఆఖరి బ్లూబర్డ్ (ఇక్కడి చిన్న నీలం పిట్ట) పిల్ల కూడా ఎగిరిపోయింది. మొత్తం నాలుగు. మార్చి నుంచి పడ్డ పాట్లు ఇంకా పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. ఇక్కడ నార్త్ కరోలినాలో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది పెరట్లో పక్షులకి పెట్టె పెట్టాలనుకుంటారు. పెట్టేముందు ఇది చదవండి.

పెట్టె కొనడం, స్తంభం పాతడం ఒక్క శనివారం పని. రంధ్రం ఒకటిన్నర అంగుళాలే ఉండాలి, అంతకన్నా పెద్దదైతే గోరింకల్లాంటి స్టార్లింగులు దూరతాయి. పాములు, రాకూన్లు (చెట్లెక్కే ఇక్కడి జంతువులు) ఎక్కకుండా స్తంభానికి పొగగొట్టం లాంటి రేకు తొడగాలి. షాపులో నాకు అంటగట్టిన మొదటి పెట్టెకి రంధ్రం కింద చిన్న పుల్ల ఉంది, పిట్ట వాలడానికని. బ్లూబర్డుకి ఆ పుల్ల అక్కర్లేదు. అది పిచ్చుకకి పీట వేసి పిలవడమే. తెలిసీ అలాంటివి అమ్మేవాళ్ళ మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ముందు పిచ్చుకలే వచ్చాయి. అప్పటికి ఇవేవీ తెలియక నేను మురిసిపోయాను, నాకంటే ఎక్కువ మా నాన్న. ఆయన ఫిబ్రవరిలో అమలాపురం దగ్గర మా ఊరి నుంచి వచ్చారు. నా చిన్నప్పుడు ఏటా కోతలవగానే ఆయనే వరి కుచ్చు అల్లి అరుగు మీద దూలానికి వేలాడదీసేవారు. ఇప్పుడు ఆ అరుగు మీద పిచ్చుక వాలి ఎన్నేళ్ళయిందో. మార్చి 20న పిచ్చుకల దినోత్సవం అని ఫొటోలు పంపుకోవడమే మిగిలింది. "ఇక్కడికీ వచ్చాయిరా మనవి" అని రోజూ కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గరే కూర్చునేవారు.

పక్కింటి పెద్దావిడ ఇరవై ఏళ్ళుగా బ్లూబర్డ్ పెట్టెలు చూసుకుంటోంది. కంచె మీంచి చూసి, ఆ గూడు వెంటనే తీసెయ్యమంది. పిచ్చుక ఇక్కడి పిట్ట కాదని, బ్లూబర్డుని గూట్లోనే పొడిచి చంపుతుందని చెప్పింది. నేను సగమే నమ్మాను. రెండుసార్లు గూడు తీశాను, రెండుసార్లూ మళ్ళీ కట్టాయి. ఏప్రిల్‌లో నేను పెట్టిన రెండో పెట్టెలో బ్లూబర్డులు దిగాయి. పైన్ ఆకులతో శుభ్రంగా గిన్నెలా కట్టిన గూడు, అందులో ఐదు లేత నీలం గుడ్లు.

ఒక ఆదివారం పెట్టె తెరిస్తే తల్లి గుడ్ల మీదే చచ్చిపడి ఉంది. తలంతా పొడిచేసి ఉంది. పెట్టె కప్పు మీద గొంతు కింద నల్ల మచ్చతో మగపిచ్చుక కూర్చుని అరుస్తోంది. మా అమ్మాయి ఒక్క నీలం ఈక దాచుకుంటానంది. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద బ్లూబర్డ్ ఈక కూడా ఇంట్లో ఉంచుకోకూడదు. అది చెప్పి, పిల్ల ఏడుస్తుండగానే గొయ్యి తీశాను.

పిచ్చుకని పట్టడానికి అనుమతి కావాలేమోనని ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. వాళ్ళు ఇంకో ఆఫీసుకి, వాళ్ళు మరో ఆఫీసుకి. నలభై నిమిషాల తర్వాత వచ్చిన జవాబు ఒక్క ముక్క: ఆ పిట్టకి చట్టరక్షణ లేదు, మీ ఇష్టం. దాన్ని పోలిన ఇక్కడి పిచ్చుక జాతులు చాలా ఉన్నాయి, వాటిని ముట్టుకుంటే నేరం. పోల్చుకోవడం ఎలాగో చెప్పే ఓపిక మాత్రం ఒక్కరికీ లేదు.

పక్కింటావిడ పెట్టె లోపల బిగించే చిన్న ట్రాప్ ఇచ్చింది. వేరే పిట్ట పడితే వెంటనే వదలాలి కాబట్టి పక్కనే కాపలా ఉండమంది. గంటలో మగపిచ్చుకే పడింది. సంచిలోకి తీశాను. పిడికిట్లో దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నా చెయ్యి ఇంకా మర్చిపోలేదు. దూరంగా తీసుకెళ్ళి వదిలితే అక్కడి గూళ్ళ మీద పడుతుంది, వదలకూడదు అంటారు. "చంపడం నీ వల్ల కాకపోతే నాకు తెచ్చివ్వు" అందావిడ.

సంచి పట్టుకుని ఆవిడ గుమ్మం దాకా వెళ్ళాను. వెనకాలే నాన్న వచ్చి సంచి పట్టుకున్నారు. ఆవిడకి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు. ఇద్దరి మధ్యా నేను.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు, ఇదేరా అది. దాన్ని ఈ దేశానికి ఎవరు తెచ్చారో అడుగు."

అడిగాను. "మేమే. 1851 ప్రాంతంలో బ్రూక్లిన్‌లో వదిలారు, చెట్లకి పట్టిన పురుగులు తింటుందని. అందుకే దిద్దుకోవాల్సిందీ మేమే" అంది.

అది నాన్నకి చెప్పాను. "మనుషుల తప్పుకి దాని మెడ విరుస్తారా?" అన్నారు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పబోతే గొంతు పెగల్లేదు. ఆవిడ జాలిగా చూసి, "చనిపోయిన తల్లి గురించి మీ నాన్నగారికి చెప్పావా?" అంది. చెప్పలేదు. ఆయన బాధపడతారని పిల్లి పని అన్నాను. అప్పుడు, ఆ గుమ్మంలోనే, నిజం చెప్పాల్సి వచ్చింది. నలభై రెండేళ్ళ వయసులో ఇద్దరి ముందూ తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సంచి మూతి విప్పేశారు. పిచ్చుక కంచె దాటింది. ఆవిడ తలుపు వేసుకుంది.

రెండు రోజులు నాన్న నాతో మాట్లాడలేదు. పిచ్చుకని చంపబోయినందుక్కాదు, అబద్ధమాడినందుకు.

ఇలా చంపిన పిచ్చుకల లెక్క గొప్పగా చెప్పుకునేవాళ్ళని చూశాను. నాకు వాళ్ళంటే గౌరవం లేదు. ప్రకృతికి వదిలెయ్యండి అనేవాళ్ళ మాటా నాకు ఎక్కదు. పెట్టె ప్రకృతి పెట్టలేదు, నేను పెట్టాను. రమ్మని పిలిచిన పిట్టని కాపాడే పూచీ నాది. 1958లో చైనా పిచ్చుకల్ని ఊచకోత కోసి, పురుగులు పెచ్చుమీరాక 1960లో మానుకుంది. కానీ అక్కడి పిచ్చుక అక్కడి సొంత పిట్టే. ఇక్కడి లెక్క వేరు.

మాకు పనికొచ్చింది చెబుతాను. పుల్ల ఉన్న పెట్టె పీకేశాను. చవక గింజల మిశ్రమం ఆపేశాను, అందులో ఎక్కువ ఉండే చిరుధాన్యాలంటే పిచ్చుకలకి ప్రాణం. పిచ్చుక గుడ్లు పెడితే తీసేశాం, అది చట్టప్రకారం చెయ్యొచ్చు. మొదటిసారి తీసినరోజు నాన్న పూజగదిలో కూర్చున్నారు, నేనూ అన్నం తినలేదు. మే చివర్లో కొత్త జంట మొదటి నీలం గుడ్డు పెట్టగానే, పెట్టె పైన కర్రలు కట్టి మెరుపు కాగితం పట్టీలు కప్పుకి తగిలేలా వేలాడదీశాం. గుడ్డు పడకముందు కడితే బ్లూబర్డులే బెదిరి పోవచ్చు. పడ్డాక కడితే అవి అలవాటు పడతాయి, పిచ్చుకలు మాత్రం చాలావరకు దగ్గరికి రావు. మా పిచ్చుక కంచె మీంచి చూసి ఊరుకుంది. వారానికి రెండుసార్లు పెట్టె తెరిచి చూశాను. పిల్లలకి పన్నెండు రోజులు దాటాక తెరవలేదు, తెరిస్తే రెక్కలు రాకుండానే దూకేస్తాయి. అంత తీరిక లేనివాళ్ళు దయచేసి పెట్టె పెట్టకండి.

పిల్లలు వెళ్ళాక పట్టీలు అలాగే ఉంచితే పిచ్చుకకి భయం పోతుంది. అందుకని పదింటికి విప్పేశాం. నేను స్టూలెక్కాను, కింద నాన్న పట్టుకున్నారు.