గుండె పాఠం బొమ్మతో మొదలుపెట్టొద్దు

గుండె పాఠం అనగానే బోర్డు మీద నాలుగు గదులు గీసి, ఎరుపు నీలం రంగులు నింపి, భాగాల పేర్లు రాయించడం అలవాటైపోయింది. పరీక్షకు అది సరిపోతుంది. కానీ కవాటం (రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపు) ఎందుకు మూసుకుంటుందని అడగండి, పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పిన పిల్లలే నీళ్లు నములుతారు. జవాబు పీడనంలో ఉంది. పాఠాన్ని దాని చుట్టూ తిప్పితే సగం బట్టీ తప్పుతుంది.

ముందు నాడి చూడటం నేర్పండి. మణికట్టు లోపలివైపు, బొటనవేలి కిందుగా, చూపుడువేలు, మధ్యవేలు ఆనించాలి. బొటనవేలితో చూస్తే దానిలోని ధమని కొట్టుకోవడమే తెలిసి లెక్క తప్పుతుంది. గట్టిగా నొక్కితే అసలేమీ తెలియదు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించాలి. ఆ తర్వాత రెండు నిమిషాలు నిలుచున్నచోటే పరుగెత్తించండి. ఆగిన వెంటనే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించమనండి. ఇక్కడ సమయం తగ్గించడానికి కారణం ఉంది: ఆగిన క్షణం నుంచే వేగం పడిపోతుంటుంది, ఎక్కువసేపు లెక్కిస్తే పై అంకె చేజారుతుంది. కాకపోతే 15 సెకన్లలో ఒక్క స్పందన తప్పినా నిమిషానికి నాలుగు తేడా వస్తుంది. ఆపైన నిమిషానికోసారి, ఐదు నిమిషాలపాటు లెక్కించి గ్రాఫ్ గీయించండి. ఉబ్బసం, గుండె జబ్బు, జ్వరం ఉన్నవారికి గడియారం అప్పగించాలి, పరుగు వద్దు.

విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒక్కో సంకోచానికి జఠరిక (గుండె కింది గది) సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం పంపుతుంది. నిమిషానికి 72 సార్లంటే అయిదు లీటర్ల పైమాటే. ఈ అంకెను చెప్పి వదిలేయకండి. అయిదు లీటర్ల నీళ్లున్న బకెట్, 70 మిల్లీలీటర్ల కప్పు, ఒక ఖాళీ బకెట్ ఇచ్చి నిమిషంలో తోడిపోయమనండి. (నేల తుడిచే గుడ్డ దగ్గరుంచుకోండి.) ఎంతో చురుకైనవాళ్లకు కూడా చెయ్యి లాగుతుంది.

ఇప్పుడు బొమ్మ తీయవచ్చు. అది మనకు ఎదురుగా నిలబడ్డ మనిషి గుండె, కాబట్టి దాని ఎడమ మన కుడివైపు ఉంటుంది. నీలం రంగు కేవలం గుర్తు కోసమే. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురు ఎరుపుగా ఉంటుంది. ఈ రెండూ మొదట్లోనే చెప్పకపోతే తర్వాత ఎంత వివరించినా తికమక పోదు.

ఒక హార్దిక వలయం, అంటే గుండె ఒకసారి కొట్టుకునే పూర్తి చక్రం, సుమారు 0.8 సెకన్లు. కర్ణికల (పై గదుల) సంకోచం 0.1, జఠరికల సంకోచం 0.3, మిగతా 0.4 అన్నీ సడలి ఉండే సమయం. జఠరికలు సంకోచించగానే లోపలి పీడనం కర్ణికల పీడనాన్ని మించుతుంది. వెనక్కి తోసుకొచ్చే రక్తమే పై, కింది గదుల మధ్య ఉండే ద్విపత్ర, త్రిపత్ర కవాటాలను మూసేస్తుంది. మొదటి శబ్దం ‘లబ్’ అప్పుడే వస్తుంది. పీడనం ఇంకా పెరిగి ధమనుల్లోని పీడనాన్ని దాటితే ఆ ధమనుల మొదట్లో ఉండే అర్ధచంద్రాకార కవాటాలు తెరుచుకుంటాయి. జఠరికలు సడలగానే ధమనుల్లోని రక్తం వెనుదిరగబోయి వాటిని మూస్తుంది, అది ‘డబ్’. కవాటాలను తెరిచే కండరమంటూ ఏదీ లేదు. గదుల మధ్య కవాటాల అంచులను కింది నుంచి సన్నని తాళ్లు పట్టి ఉంచుతాయి, లేకుంటే ఈదురుగాలికి గొడుగులా అవి వెనక్కి తిరగబడతాయి.

ఎడమ జఠరిక గోడ మందం కాబట్టి అది ఎక్కువ రక్తం పంపుతుందని చాలామంది రాస్తారు. తప్పు. కుడిది ఊపిరితిత్తులకు, ఎడమది ఒళ్లంతటికీ పంపినా రెండూ పంపేది ఒకే పరిమాణం. కుడి జఠరిక ప్రతిసారీ ఒక్క మిల్లీలీటరు ఎక్కువ పంపితే నిమిషంలో 72 మిల్లీలీటర్లు ఊపిరితిత్తుల్లో పేరుకుపోతాయి. తేడా పీడనంలోనే: ఎడమవైపు దాదాపు 120 మిల్లీమీటర్ల పాదరసం, కుడివైపు 25.

ఆరోగ్యం దగ్గరికొచ్చేసరికి ఉపదేశాలు మొదలవుతాయి, పిల్లలు వినడం మానేస్తారు. ప్రతి సలహాకూ కారణం చూపించండి. గుండె గోడకు రక్తం లోపలి గదుల నుంచి కాక కరోనరీ ధమనుల నుంచి అందుతుంది. వాటి గోడల్లో కొవ్వు చేరడం చిన్న వయసులోనే మొదలుకావచ్చు. ఆ పూత చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు. పొగాకులోని నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. పని పెరుగుతుంది, సరఫరా తగ్గుతుంది. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుంది, ఏళ్ల తరబడి దాన్ని ఎదిరించి ఎడమ జఠరిక గోడ మందమెక్కుతుంది. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. 5–17 ఏళ్లవారికి సగటున రోజుకు 60 నిమిషాల ఆట, పరుగు లాంటి శ్రమ కావాలంటుంది.

పుస్తకాల్లో తరచూ వదిలేసేది గొంతునొప్పి. స్ట్రెప్టోకోకస్ బాక్టీరియాతో వచ్చే గొంతు ఇన్‌ఫెక్షన్‌కు సరైన చికిత్స జరగకపోతే కొందరిలో రుమాటిక్ జ్వరం వచ్చి కవాటాలు, ముఖ్యంగా ద్విపత్ర కవాటం, దెబ్బతింటాయి. ఎక్కువగా 5–15 ఏళ్ల వయసులోనే ఇది మొదలవుతుంది. డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకూడదు. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరంతోపాటు ఒక కీలు తర్వాత మరో కీలు వాచి నొప్పిపెడితే, ఆటలో తగిలిన దెబ్బ అనుకోకుండా డాక్టరుకు చూపించమని చెప్పండి.