వెన్నలాంటి మాటలు

రాత్రి నిద్ర పట్టక బైబిల్లో 55వ కీర్తన తీశాను. తిట్టింది శత్రువైతే ఓర్చుకునేవాణ్ణి అంటూ మొదలుపెట్టి, కానీ అది నువ్వు, నాతో కలిసి మందిరానికి నడిచినవాడివి అని దావీదు రాజు ఒక్కసారిగా ఎదుటివాణ్ణే నిలదీస్తాడు, అక్కడ ఆగిపోయాను. పదేళ్లు మా ఇంట్లో అన్నం తిన్నవాడు నేను నమ్మి చెప్పుకున్నవే నలుగురిలో పెట్టాడు మరి. ఆ ద్రోహి పేరు కీర్తనలో లేదు, దావీదు మీద తిరగబడ్డ కొడుకు అబ్షాలోము వైపు వెళ్లిపోయిన ఆయన సలహాదారు అహీతోపెలే అయ్యుంటాడని చాలామంది అంటారు. మాటలు వెన్నలా ఉంటాయట, మనసులో మాత్రం యుద్ధం. ఎంత సరిగ్గా పట్టుకున్నాడో! గువ్వలా రెక్కలుంటే ఎగిరిపోయేవాణ్ణి అన్న మాట కూడా ఇందులోదే, ఇన్నాళ్లూ అదేదో హాయిగా పాడుకునే మాట అనుకున్నాను. దిగులు తట్టుకోలేక అన్నదట. వాడి నంబరు మాత్రం ఇంకా డిలీట్ చేయలేదు.