నా రిపోర్టులో ఆస్ట్రేలియా

కడుపుతో ఉన్నప్పుడు నాలుగో నెలలో రక్తపరీక్షలు చేయించుకున్నాను. రిపోర్టులో ఒక వరుస కింద గీత గీసి ఉంది: ‘ఆస్ట్రేలియా యాంటిజెన్ – పాజిటివ్’. ఎన్నడూ దేశం దాటని నా రక్తంలో ఆస్ట్రేలియా ఎక్కడిది? అది హెపటైటిస్ బి అని, చాలావరకు పుట్టినప్పుడే మీ అమ్మగారి నుంచి వచ్చి ఉంటుందని డాక్టరుగారు చెప్పారు. నేను తల ఊపానే గానీ మనసు ఆ దేశం పేరు దగ్గరే ఆగిపోయింది.

వైరస్ ఎక్కువగా ఉందని చివరి మూడు నెలలూ టెనోఫోవిర్ మాత్రలు వేసుకున్నాను. రాత్రి కాన్పు అయింది. పాపను నాకు సరిగ్గా చూపించకముందే నర్సు రెండు తొడలకూ రెండు సూదులు వేసింది. ఒకటి టీకా, రెండోది ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. అంత తొందర ఎందుకో తరువాత తెలిసింది. ఈ వైరస్ పెద్దవాళ్లకు సోకితే నూటికి 95 మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పుట్టుకలో సోకిన పిల్లల్లో మాత్రం నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది, కొందరికి కాలేయ క్యాన్సర్‌గా మారుతుంది. అందుకే మొదటి 24 గంటలు అంత ముఖ్యం. పాలు పట్టవచ్చా అని బెదురుతూ అడిగాను. ‘నిక్షేపంగా పట్టమ్మా’ అంది నర్సు.

పాపకు పాలిస్తూ మేలుకున్న రాత్రుల్లో ఆ పేరు సంగతి వెతికాను. 1960లలో బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వేర్వేరు జాతుల రక్తంలో పుట్టుకతో వచ్చే తేడాలను పరిశీలిస్తున్నాడు. వైరస్ కోసం వెతకనే లేదు. హీమోఫీలియా అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న అలాంటి ఒక రోగి సీరం, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్త నమూనాలోని ఏదో ప్రొటీనుతో కలిసి గీతలా పేరుకుంది. అదే ఆస్ట్రేలియా యాంటిజెన్. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తరువాత తేలింది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. రక్తం ఇచ్చిన మనిషి పేరు పోయి, దేశం పేరు మిగిలింది. పాపకు వేసిన టీకాలో ఉన్నదీ ఆ పైపొర ప్రొటీనే. ఇప్పుడు దాన్ని ఈస్ట్‌లో తయారు చేస్తున్నారు.

అలాస్కా మూలవాసుల పల్లెల్లో ఒకప్పుడు పిల్లలకే కాలేయ క్యాన్సర్ వచ్చేది. 1980ల ఆరంభంలో అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ టీకా వేయడం మొదలుపెట్టారు. 1999 తరువాత ఆ జనంలో 20 ఏళ్ల లోపువాళ్లకు ఆ క్యాన్సర్ కనిపించలేదని చదివినప్పుడు, నిద్రపోతున్న పాప తొడను ఊరికే తడిమి చూశాను.

ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసుల్లో తిరిగే హెపటైటిస్ బి రకం వాళ్లకే ప్రత్యేకం, పేరు సి4. అక్కడ యోల్ఙు భాషలో ఈ జబ్బు గురించి ఒక ఫోను యాప్ ఉంది. ఇంగ్లీషు కరపత్రాన్ని మాటకు మాట మార్చి చేతులు దులుపుకోలేదు, ఆ భాష మాట్లాడేవాళ్లతో కూర్చుని తయారుచేశారు.

మధ్య ఆస్ట్రేలియాకు వస్తే కథ మారిపోతుంది. అక్కడ కొన్ని ఆదివాసి సమూహాల్లో పెద్దవాళ్లలో మూడోవంతుకు మించి హెచ్‌టీఎల్‌వీ-1 అనే మరో వైరస్ ఉంది. అది తల్లిపాల ద్వారా సోకుతుంది, ఎంత ఎక్కువ కాలం పాలిస్తే అంత ప్రమాదం. టీకా లేదు. జపాన్‌లోని నాగసాకిలో 1987 నుంచి గర్భిణులను పరీక్షించి, వైరస్ ఉన్నవాళ్ల చేత తల్లిపాలు మాన్పించి చాలా తగ్గించారు. కానీ డబ్బాపాలు కలపడానికి మంచినీళ్లకే కటకటైన చోట ఆ సలహా ఇచ్చేదెలా? ‘పట్టమ్మా’ అనే ఒక్క మాటతో నాకు తీరిపోయిన భయం, ఆ తల్లులకు అంత సులువుగా తీరేది కాదు.

ఇంతా చదివిన నేను అమ్మకు చెప్పడానికి మాత్రం రెండు నెలలు తీసుకున్నాను. పరీక్ష చేయిస్తే అమ్మకూ పాజిటివే. కాగితం ఒళ్లో పెట్టుకుని, ‘అయితే నేనే ఇచ్చానన్నమాట’ అంది. ‘తల్లి నుంచి బిడ్డకు’ అని ఆసుపత్రి గోడ మీద రాసిన మాటను అప్పటిదాకా వంద సార్లు చదివి ఉంటాను. ఆ ‘నుంచి’ అమ్మను బోనులో నిలబెడుతుందని తోచలేదు. అమ్మకు బహుశా అమ్మమ్మ నుంచి, ఆమెకు ఆమె తల్లి నుంచి వచ్చి ఉంటుంది. అదంతా అప్పుడు నోటికి రాలేదు. పక్కన కూర్చుని, ‘అప్పుడు టీకాయే లేదమ్మా’ అన్నాను. ఆరు నెలలకోసారి నాతోపాటు కాలేయం స్కానింగుకు రావడానికి ఒప్పుకుంది.

పాపకు పదో నెలలో పరీక్ష చేయించాం. ఫలితం వచ్చిన రోజు అమ్మ కళ్లజోడు తెచ్చుకుని, కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరుసే చదివింది.

‘ఇందులో ఆస్ట్రేలియా లేదా?’ అని అడిగింది.

‘లేదమ్మా, నెగటివ్’ అన్నాను.

మళ్లీ మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది.