నెల్లూరు ఎండలో చిన్న పగడాల ట్యాంకు: వడపోత, దీపం, వేడి లెక్క

ఫిబ్రవరి

ట్యాంకు కొలతలు ఖాయమయ్యాయి. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 40, అద్దం మందం 8 మిల్లీమీటర్లు. రాళ్ళూ ఇసుకా పోగా పట్టే నీళ్ళు సుమారు 80 లీటర్లు. నెల్లూరులో ఇంత చిన్న పగడాల ట్యాంకు పెట్టేవాళ్ళు ముందుగా ఆలోచించవలసింది ఏ ఫిల్టరు, ఏ దీపం అని కాదు. మే నెలలో ఆ నీళ్ళు 29 డిగ్రీలు దాటకుండా ఎలా నిలుపుతాం అన్నదే అసలు సంగతి. అది తేలితే మిగతా సామాను దానంతట అదే తేలుతుంది.

లెక్క ఇదీ. 80 లీటర్ల నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 90 వాట్-అవర్లు చాలు. నీళ్ళలో మునిగి తిరిగే మోటారుకు ఇచ్చిన కరెంటంతా చివరికి ఆ నీళ్ళలోనే వేడిగా మిగులుతుంది. 25 వాట్ల మోటార్లు రోజంతా తిరిగితే 600 వాట్-అవర్లు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే రోజుకు ఆరు డిగ్రీలకు పైనే పెరుగుతుంది. అదే ఒక లీటరు నీరు ఆవిరైతే 670 వాట్-అవర్ల దాకా వేడిని వెంట తీసుకుపోతుంది. అంటే మోటార్ల వేడి మొత్తాన్ని రోజుకు ఒక లీటరు ఆవిరి మోసుకుపోగలదు. కాబట్టి నా నియమాలు రెండు: వాట్లు తగ్గాలి, నీటి పైభాగం గాలికి తెరిచి ఉండాలి.

డబ్బా ఆకారంలో మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరును అందుకే వద్దనుకున్నాను. అందులో నీరు గాలికి తగలదు. లోపల చేరిన చెత్త కంటికి కనబడదు, కుళ్ళి నైట్రేటు పెంచుతుంది. నీళ్ళను చల్లబరిచే యంత్రం, చిల్లరు, ధర అడిగితే మిగతా సామాను మొత్తానికి అయ్యేంత చెప్పారు. పైగా అది నీళ్ళలోంచి తీసిన వేడిని మళ్ళీ అదే గదిలోకి వదులుతుంది.

ట్రంకు రోడ్డు వైపు అద్దాల దుకాణంలో ట్యాంకు చేయించి, వెనక 12 సెంటీమీటర్లు వదిలి అడ్డంగా ఒక అద్దం నిలబెట్టించాను. ఆ వెనక భాగం మూడు అరలయింది. పైన పళ్ళ దువ్వెనలా కోసిన అంచు మీదుగా నీరు మొదటి అరలోకి దిగుతుంది. అక్కడ ఫిల్టరు దూది ఉంటుంది. రెండో అరలో స్కిమ్మరు (మలినాలను నురుగుగా తీసే యంత్రం), దాని పక్కన సిరామిక్ రాళ్ళు, చిన్న సంచిలో కార్బన్. మూడో అరలోంచి 15 వాట్ల డీసీ పంపు నీటిని ముందుకు తోస్తుంది. దాన్ని గంటకు 800 లీటర్ల దగ్గర నడుపుతున్నాను. ముందు భాగంలో అలల కోసం మరో 5 వాట్ల పంపు ఉంది. అతుకులకు బూజు మందు కలవని సిలికాన్ వాడమని గట్టిగా చెప్పాను. బాత్రూములకు వాడే రకంలో ఆ మందు కలిసి ఉంటుంది, అది చేపలకు పడదు. వాసన పూర్తిగా పోయేదాకా ట్యాంకును ఆరబెట్టాను.

విద్యుత్తు విషయంలో రాజీ పడలేదు. ఉప్పునీరు కరెంటును బాగా ప్రసరింపజేస్తుంది. ట్యాంకు లైనుకు విడిగా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, పెట్టించాను. ప్రతి వైరూ సాకెట్టు కంటే కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టాను. వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

మార్చి

నీళ్ళు ఎక్కడివి అన్నది అందరూ అడిగే ప్రశ్న. మైపాడు సముద్రం దగ్గరే కదా, నాలుగు డబ్బాలు తెచ్చుకోవచ్చు కదా అంటారు. మన తీరంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణమే దీనికి జవాబు. పెన్నా, కృష్ణ తెచ్చే ఒండ్రు, ఈశాన్య రుతుపవనాల వానలకు తీరం దగ్గర తగ్గిపోయే ఉప్పదనం, ఇవి పగడాలకు సరిపడవు. రొయ్యల హేచరీల నీరు శుభ్రంగానే ఉంటుంది గానీ క్లోరిన్, ఈడీటీఏ వంటివి వాడి శుద్ధి చేస్తారు. అందుకని ట్యాంకుల కోసం తయారయ్యే సముద్రపు ఉప్పు మిశ్రమమే కొన్నాను. 10 లీటర్లకు సుమారు 370 గ్రాములు కలిపితే లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం వస్తోంది. వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో తగినంత కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (నీటి క్షార గుణం) ఉండవు.

కలిపే నీరు ఇంటి ఆర్‌ఓ నుంచే తీసుకుంటున్నాను. దానికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) సరిచేసే మర ఒకటి ఉంటుంది, రుచి కోసం కొంత ముడి నీటిని మళ్ళీ కలుపుతుంది. దాన్ని పూర్తిగా మూసి, చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తగిలించాక టీడీఎస్ మీటరు 40 నుంచి 0కు దిగింది. ఈ ఒక్క పని చేస్తే తర్వాత పట్టే నాచులో చాలా భాగం తప్పుతుంది.

ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులున్న మా బాబాయి ఉప్పదనం కొలిచే తన రిఫ్రాక్టోమీటరు ఇచ్చారు. చెరువుల దగ్గర దాన్ని మంచినీటితో సున్నాకు సరిచేసుకుంటారు. పగడాలకు అది చాలదు, 35 ఉప్పదనం ఉన్న ప్రామాణిక ద్రావణంతోనే సరిచూడాలి. నేను చూస్తే 2 తేడా వచ్చింది. ఆల్కలినిటీ విషయంలో ఆయన మాట నాకు బాగా ఉపయోగపడింది. ఆయన పీపీఎంలో చెబుతారు, పగడాల వాళ్ళు డీకేహెచ్‌లో చెబుతారు. ఒక డీకేహెచ్ అంటే సుమారు 17.9 పీపీఎం. నాకు కావలసిన 8 డీకేహెచ్ దాదాపు 143 పీపీఎం. ఊళ్ళో ఆక్వా ల్యాబులు ఈ పరీక్ష నిత్యం చేస్తూనే ఉంటాయి, నా కిట్టు సరిగ్గా చెబుతోందో లేదో అక్కడే సరిచూసుకున్నాను. ఇలాంటి వసతి పెద్ద నగరాలలో కూడా అంత సులువుగా దొరకదు.

ట్యాంకు చూసి బాబాయి అడిగింది ఒకటే. "అన్నీ బాగున్నాయి అబ్బాయ్, తెల్లవారుజామున కరెంటు పోతే దీనికి ఊపిరి ఎవరు పోస్తారు?" చెరువుల వాళ్ళకు ఆ వేళ ఆక్సిజన్ ఎంత పడిపోతుందో అనుభవమే. మరునాడే మూడో అరలోని పంపును ఇన్వర్టరు లైనులోకి మార్చాను. అదీ అయిపోతే దానంతట అదే మొదలయ్యే బ్యాటరీ గాలి పంపు ఒకటి పక్కన ఉంది.

రాళ్ళు కృత్రిమంగా చేసిన పొడి రాళ్ళు. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చచ్చిన పగడపు ముక్కల అమ్మకానికీ అదే చట్టం వర్తిస్తుంది. లైవ్ రాక్ (జీవం ఉన్న రాయి) పేరుతో దొరికేవాటిలో చాలావరకు అలాంటి ముక్కలే. దిబ్బల మీద ప్రేమతో ట్యాంకు పెట్టి, దిబ్బనే పగలగొట్టించడం నాకు సమ్మతం కాదు. పొడి రాళ్ళలో మలినాలను నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఉండదు కాబట్టి సీసా బాక్టీరియా, కొద్దిగా అమ్మోనియా పోసి ఆగాను. మొదట అమ్మోనియా దిగింది, తర్వాత నైట్రైటు పెరిగి తగ్గింది, చివరికి నైట్రేటు కనబడింది. అమ్మోనియా, నైట్రైటు పరీక్షలు రెండూ సున్నా చూపేదాకా దీపం వెలిగించలేదు. బాక్టీరియాకు వెలుగు అక్కర్లేదు, నాచుకే కావాలి.

స్కిమ్మరు గురించి. మైపాడులో అల విరిగినప్పుడు ఒడ్డున మిగిలే నురుగే ఈ యంత్రం పని. ఉప్పునీటిలో సన్నని బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా నిలుస్తాయి. చేపల మలినాలలోని ప్రోటీన్లు వాటి చుట్టూ అంటుకుని పైకి వస్తాయి, కుళ్ళకముందే కప్పులో పడతాయి. మంచినీటి ట్యాంకులో ఇది జరగదు. కొత్తలో నురుగు రాదు, మర పాడయిందని విప్పకూడదు. లోపలి గోడలకు జిగురు పట్టాక అదే మొదలవుతుంది. నాది 5 వాట్లది. దూదిని మాత్రం మూడు రోజులకోసారి మార్చాలి. వదిలేస్తే దూదే చెత్తకుప్ప అవుతుంది.

ఏప్రిల్

ఎల్‌ఈడీ దీపం 40 వాట్లది, నీటి మట్టానికి 22 సెంటీమీటర్ల పైన వేలాడదీశాను. పగడం ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు దానికి ఆహారం వండిపెడతాయి. వాటికి ఎక్కువగా పనికివచ్చేది 420 నుంచి 480 నానోమీటర్ల నీలి వెలుగు. అందుకే నీలం ఎక్కువ, తెలుపు తక్కువ. ఫోనులో వెలుగు కొలిచే ఆప్‌లు నీలి వెలుగును సరిగా చదవవు, వాటి అంకెను నమ్మలేదు. 30 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం పెంచడం నా పద్ధతి. మెత్తని పగడాలకు పార్ (శైవలాలకు పనికివచ్చే వెలుగు) కొలతలో 50 నుంచి 120 చాలు. పగడాలు వచ్చాక, మష్రూములు అనే రకం కింద, నీడలో. జోయాంథిడ్లు అనే రకం మధ్యలో.

దీపం వెలిగే వేళ సాయంత్రం 4 నుంచి రాత్రి 12. గడియారంతో పగడానికి పని లేదు, ఎనిమిది గంటల వెలుగు క్రమం తప్పకుండా వస్తే చాలు. పట్టపగటి వేడికి దీపం వేడి తోడు కాకుండా ఉంటుంది. రాత్రి ఎలాగూ గదిలో ఏసీ నడుస్తుంది. పగడాలు వేడికి తెల్లబారతాయి, వేడీ తీవ్రమైన వెలుగూ కలిస్తే ఇంకా తొందరగా. లోపలి శైవలాలను పగడం బయటికి తోసేస్తుంది. 2016లో మన్నార్ సింధుశాఖలో నీరు వేడెక్కి పగడాలు తెల్లబారాయి. అంత సముద్రానికే తప్పనిది 80 లీటర్లకు తప్పుతుందా?

పైన గాజు మూత లేదు, వల మాత్రమే. చేప దూకకుండా, ఆవిరి ఆగకుండా.

మే, రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండ. రెండు చిన్న ఫ్యాన్లు నీటి మీదికి ఏటవాలుగా తిప్పాను. పడమటి గాలి వీచే పొడి మధ్యాహ్నాలలో బయట 42 ఉన్నా ట్యాంకు 27.5 దగ్గర ఆగింది. సాయంత్రం సముద్రపు గాలి మళ్ళితే గాలిలో తేమ పెరిగి ఫ్యాన్ల బలం తగ్గుతోంది. అలాంటి ఒక సాయంత్రం 29.2 చూపింది. దీపాన్ని 20 శాతానికి దించాను, రాత్రికి 28 లోపుకు వచ్చింది.

ఆవిరి రోజుకు రెండు లీటర్లు దాటుతోంది. రెండు లీటర్లు పోసుకోకపోతే ఉప్పదనం 35 నుంచి 35.9కి పోతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి నింపేది ఉప్పునీరు కాదు, డీఐ నీరే. మూడో అరలో మట్టం చూసే సెన్సరు, పక్కన 15 లీటర్ల డబ్బా. అది వారం రోజులు వస్తుంది.

ఈ నెలంతా ట్యాంకులో ఉన్నది ఒక జత క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు. చేపలు హేచరీలో పుట్టినవి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వీటి పెంపకం పద్ధతిని మన దేశంలోనే రూపొందించారు. రోహిణి గట్టెక్కేదాకా పగడాన్ని తేకూడదన్నది నేను మొదటే పెట్టుకున్న షరతు.

జూన్

మష్రూములు, ఒక జోయాంథిడ్ ముక్క వచ్చాయి. జోయాంథిడ్లలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకునే ముట్టాను. ఆ రాయిని వేడినీళ్ళలో కడగడం, ఉడికించడం ప్రాణాంతకం. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

దీపం 35 శాతం. మష్రూములు పళ్ళేల్లా విప్పుకున్నాయి. జోయాంథిడ్లు మెడ చాచి నిలబడుతున్నాయి, వాటికి ఇంకాస్త వెలుగు కావాలని అర్థం. వాటిని ఒక మెట్టు పైకి జరిపి చూస్తాను, దీపాన్ని మాత్రం పెంచను. ఆల్కలినిటీ 8.1, నైట్రేటు 8 పీపీఎం, ఉప్పదనం 35. పది రోజులకోసారి 8 లీటర్ల నీరు మారుస్తున్నాను. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు ఇన్వర్టరుకు పెద్ద బ్యాటరీ మార్చాలి. తుపాను వస్తే కరెంటు గంటలు కాదు, రోజుల తరబడి పోవచ్చు.