మావాడూ అంగన్‌వాడీకి పోతున్నాడు

మా అక్క కొడుక్కి నాలుగేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు సరిగా అదుపులో ఉండవు. ఒక ప్రైవేటు స్కూలువాళ్లు "మా వల్ల కాదమ్మా" అని పంపించేశాక, కావలి దగ్గర మా ఊరి అంగన్‌వాడీలోనే చేర్చాం.

నిన్న కాసేపు అక్కడే కూర్చున్నాను. టీచరమ్మ వాడిని గది మూలలో, రెండు గోడలూ వీపుకు ఆనేలా, పక్కన దిండు పెట్టి కూర్చోబెట్టింది. ఒరిగిపోయే భయం లేకపోతే చేతులు ఆడతాయి కదా! మిగతా పిల్లల్ని వాడి చుట్టూ కూర్చోబెట్టి బంతి దొర్లించే ఆట పెట్టింది. వాడు నెట్టడానికి చాలాసేపు పట్టింది. ఎవరో తీసుకోబోతే ఒక చిట్టిది "ఆగరా, ఇప్పుడు వాడిది!" అని గద్దించింది. నాకు కళ్లు చెమర్చాయి.

వాడికి తినడం ఆలస్యం. అందుకని ఆయమ్మ వాడికి ముందే మొదలుపెడుతుంది, అందరితో పాటు లేవాలని. పిల్లల్ని కలుపుకోవడమంటే నా దృష్టిలో ఇదే. ఊరికే చేర్చుకుని ఒక పక్కన పడుకోబెట్టడం కాదు.

2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ (పాటించాల్సిన పద్ధతులు) తెచ్చింది. ఎదుగుదలలో తేడాను ముందే గుర్తించడం, అంగన్‌వాడీలో అందరితో కలపడం, ఊరి ఆరోగ్య సిబ్బంది అయిన ఆశా, ఏఎన్ఎం ద్వారా వైద్యానికి పంపడం అందులో ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద పరీక్షలు ఉచితం. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఇంట్లోనే పెట్టుకోకండి, టీచర్‌తో మాట్లాడండి.

గుమ్మం దగ్గర మెట్లున్నాయి. ర్యాంపు కోసం పంచాయతీలో అర్జీ ఇస్తున్నాం.