ఏకధ్రువం లెక్క: నా అనుభవం

ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు ప్రాజెక్టుకు నేను అయస్కాంత ఏకధ్రువాల అన్వేషణను ఎంచుకున్నాను. దండాయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకూ రెండు ధ్రువాలుంటాయని బడిలో చదివినదే. అయితే ఒంటరి ధ్రువం ఎక్కడ ఒక్కటున్నా విద్యుదావేశం నిర్ణీత మొత్తాల్లోనే ఎందుకు దొరుకుతుందో తేలిపోతుందని 1931లో భౌతిక శాస్త్రవేత్త డిరాక్ చూపారు. ఆ ధ్రువబలం కనీసం ఎలక్ట్రాన్ ఆవేశానికి సుమారు 68.5 రెట్లుండాలి.

దక్షిణ ధ్రువం దగ్గర 1,450 నుంచి 2,450 మీటర్ల లోతున మంచులో 5,160 కాంతి గ్రాహకాలతో ఉన్న ఐస్‌క్యూబ్ అనే పరిశోధనశాలను న్యూట్రినోల కోసమే, అంటే పదార్థంతో దాదాపు తగలకుండా దూసుకుపోయే ఆవేశంలేని కణాల కోసమే, కట్టారు. ఏకధ్రువం ఆ మంచులో కాంతివేగంలో 76 శాతాన్ని మించి దూసుకుపోతే, అది చిమ్మే చెరెంకోవ్ వెలుగు (మంచులో కాంతి పోయే వేగాన్ని మించిన కణం వల్ల పుట్టేది) కూడా ఆ గ్రాహకాలకే చిక్కుతుంది. మే నెల ఎండలో, తార్నాకలోని అద్దెగదిలో, నేను ఆ మంచు లెక్కలకు కూర్చున్నాను.

ఆ వెలుగు అదే వేగంతో పోయే మ్యూయాన్ (ఎలక్ట్రాన్ అంత ఆవేశమే ఉండి, దానికన్నా బరువైన కణం) వెలుగుకు ఎన్ని రెట్లో కట్టడం మొదటి పని. వెలుగు ఆవేశం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 68.5ను వర్గం చేస్తే నాకు 4,692 వచ్చింది; పరిశోధన పత్రాల్లో మాత్రం సుమారు 8,200 అని ఉంది. నాలుగు రోజులు కోడ్‌ను వరుసవరుసనా వెతికాను. చివరికి మా గైడ్ మేడమ్ నా నోటుబుక్కు తిరగేసి, "తప్పు కోడ్‌లో లేదమ్మా, కాగితం మీదే ఉంది. మంచు వక్రీభవన గుణకం ఏదీ?" అన్నారు. కదిలే అయస్కాంత ఆవేశానికి ఆ గుణకం వర్గం కూడా కలుస్తుంది. 1.32ను వర్గం చేసి 4,692తో గుణిస్తే 8,175 వచ్చింది.

ఇంత వెలుగుంటే పట్టడం తేలికేననుకున్నాను. కానీ అధికశక్తి మ్యూయాన్లు గుంపుగా వచ్చినా గ్రాహకాలు అలాగే వెలిగిపోతాయి. తేడా దారి పొడవునా కనిపించాలి: మ్యూయాన్ వెలుగు అక్కడక్కడా ఉబ్బి, మధ్యలో పలచబడుతుంది, ఏకధ్రువానిది మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున సాగుతుంది. అందుకే ప్రాజెక్టులో సగం కాలం వెలుగు సమంగా ఉందా లేదా అన్న ఒక్క షరతుకే పోయింది. వాతావరణంలో పుట్టిన మ్యూయాన్లు భూమిని దాటి కిందినుంచి పైకి రాలేవు కనుక, ఆ దిక్కు జాడలే ఎక్కువ నమ్మదగినవి.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు, "ఐస్‌క్యూబ్ వాళ్లకు ఎన్ని దొరికాయి?" అని అడిగారు. ఎనిమిదేళ్ల దత్తాంశంతో 2022లో ప్రచురించిన పత్రంలో ఒక్కటీ లేదన్నాను. "అయితే మహా అయితే ఎన్ని వస్తున్నట్టో చెప్పమ్మా" అన్నారు. ఆ పత్రంలోని పరిమితిని, అన్ని దిక్కులూ కలిపి, ఏడాదికి మార్చి బోర్డు మీద రాశాను: చదరపు కిలోమీటరుకు ఒకటి కన్నా తక్కువ.